మానేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆన్‌లైన్ కోర్సు కొనే ముందు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి వచ్చేవాళ్ల చేతుల్లో ఒకప్పుడు కళాశాలల కరపత్రాలు ఉండేవి. ఇప్పుడు ఫోన్లు ఉంటున్నాయి. తెర మీద ఒక కోర్సు, గీత కొట్టేసిన పాత ధర, దాని కింద కొత్త ధర, ఆ తగ్గింపు ఇంకెన్ని గంటల్లో ముగుస్తుందో చూపే గడియారం. ఈసారి గాజువాక నుంచి ఒక తండ్రి వచ్చారు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల ఉద్యోగం. అమ్మాయి ఎంపీసీ మొదటి ఏడాది పూర్తి చేసింది, లెక్కల్లో వెనకబడింది. "మాస్టారూ, లైవ్ తీసుకోమంటారా, రికార్డెడ్ తీసుకోమంటారా?" అని అడిగారు. గడియారంలో నాలుగు గంటలు మిగిలి ఉన్నాయి. (మర్నాడు అదే గడియారం మళ్లీ ఇరవై నాలుగు గంటలు చూపించిందని ఆయనే ఫోన్ చేసి చెప్పారు.)

నేను జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాను. "అమ్మాయి మూడు రోజుల పాటు పాఠం తెరవకపోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?"

లైవ్, రికార్డెడ్, హైబ్రిడ్ (సగం ఆన్‌లైన్, సగం గదిలో) అనే పేర్లు పాఠం ఇంటికి ఎలా చేరుతుందో మాత్రమే చెబుతాయి. చేరాక పిల్లల దగ్గర జవాబు అడిగేది ఎవరో వాటిలో ఉండదు. పాతికేళ్లుగా లెక్కలు చెబుతూ నేను చూసినది, ఈ విషయం మీద జరిగిన మంచి పరిశోధనల్లో చదివినది ఒకచోటికే వస్తున్నాయి. ఫలితం ఆ అడిగే మనిషి మీద, లేదా అడిగే ఏర్పాటు మీద ఆధారపడి ఉంది. అందుకే ఒక్కో పద్ధతినీ ఈ ఒక్క ప్రశ్నతోనే తూచుతున్నాను.

రికార్డెడ్ పాఠాలు

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. కొన్నేళ్ల క్రితం అనకాపల్లిలో ఉండే మా మేనకోడలికి రెండేళ్ల రికార్డెడ్ కోర్సు కొన్నాం. కొనేదాకా ఆ సంస్థ నుంచి రోజుకు మూడు ఫోన్లు. మొదటి వారం అమ్మాయి పద్నాలుగు పాఠాలు చూసింది. దసరా నాటికి ఆ యాప్ ఫోన్‌లో ఏ మూల ఉందో వెతుక్కోవలసి వచ్చింది. తర్వాత ఎవరూ ఫోన్ చేయలేదు. నెలనెలా వాయిదా మాత్రం తప్పకుండా కట్ అవుతూ వచ్చింది. మేము ఫీజు వాయిదా అనుకున్నది మా బావగారి పేరున తీసుకున్న అప్పు అని అప్పటికి గానీ తెలియలేదు. కోర్సు వద్దనుకోవచ్చు, అప్పు వద్దనుకోవడం అంత తేలిక కాదు. లెక్కల మాస్టారి ఇంట్లోనే ఇలా జరిగింది.

మా మేనకోడలు సోమరిపోతు కాదు. ఇది ప్రపంచమంతటా జరిగే పనే. అమెరికాలో ఎంఐటీ, హార్వర్డ్ విశ్వవిద్యాలయాలు ఎడ్ఎక్స్ వేదిక మీద ఉచితంగా పెట్టిన కోర్సుల లెక్కలు 2019లో సైన్స్ పత్రికలో వచ్చాయి. పేరు నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా కోర్సు లోపలికే అడుగు పెట్టలేదు. 2017-18లో చివరిదాకా వెళ్లినవారు నూటికి 3.13 మంది. ధ్రువపత్రం కోసం డబ్బు కట్టినవారిని మాత్రమే లెక్కిస్తే ఆ సంఖ్య 46 అయింది. దీన్నిబట్టి 'డబ్బు కడితే పిల్లలు చదువుతారు' అనుకోవద్దు. ముందే గట్టిగా నిశ్చయించుకున్నవారే డబ్బు కట్టారు అనుకోవడం సబబు. మా మేనకోడలి విషయంలో కట్టింది మేము, నిశ్చయించుకున్నదీ మేమే.

అయినా రికార్డెడ్ పాఠాన్ని తీసిపారేయను. ద్విపద సిద్ధాంతం దగ్గర తడబడిన కుర్రవాడు అదే పాఠాన్ని నాలుగుసార్లు వినవచ్చు. నేను నాలుగోసారి చెప్పవలసి వస్తే నా గొంతులో విసుగు వినిపిస్తుంది, వీడియోకు విసుగు లేదు. తరగతిలో చెయ్యెత్తడానికి సిగ్గుపడే పిల్లలకు ఇది నిజంగా వరం. రాత్రి షిఫ్టు ఉద్యోగం చేస్తూ గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు చదివేవాళ్లకు వేరే దారి కూడా లేదు.

కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. ఒకటి, పాఠం నిడివి. ఎడ్ఎక్స్‌లోనే 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవైనదైనా చూసేవారిలో కనీసం సగం మంది ఆరు నిమిషాలకు మించి నిలబడలేదని తేలింది. గంటన్నర తరగతిని అలాగే చిత్రీకరించి ముక్కలు చేయకుండా పెట్టినవారు మీ పిల్లల కోసం కొత్తగా ఏమీ చేయలేదు. రెండోది, పాఠం మధ్యలో ప్రశ్నలు ఉన్నాయా అన్నది. ఇక్కడ రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో వెలువరించిన ప్రయోగం గుర్తుంచుకోదగినది. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన విద్యార్థులు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాసుకున్నవారు వారం తర్వాతి పరీక్షలో వాళ్లను దాటిపోయారు. వీడియోను రెండోసారి చూస్తే 'నాకు వచ్చేసింది' అనిపిస్తుంది. ఆ అనిపించడమే చిక్కు.

లైవ్ తరగతులు

లైవ్ తరగతికి ఉన్న పెద్ద గుణం వేళ. ఆరు గంటలకంటే ఆరు గంటలే. ఇంట్లో టీవీ కట్టేస్తారు, అమ్మ టీ ఇస్తుంది, పిల్ల కూర్చుంటుంది. ఈ చిన్న ఏర్పాటు విలువ తక్కువ కాదు. కానీ కూర్చున్న పిల్లను అడిగేవారు ఉన్నారా? ముప్పై మంది ఉన్న బ్యాచ్‌లో మాస్టారు పేరు పెట్టి పిలవగలరు. వేలమంది చూస్తున్న తరగతిలో పిల్లలు రాసే సందేహాలు తెర పక్కన ఏరులా పారుతుంటాయి, ఒకటి చదివేలోగా పది వెళ్లిపోతాయి. అది పేరుకు లైవ్, పని చేసేది మాత్రం వేళకు మొదలయ్యే వీడియోలా. దానికి లైవ్ ధర ఇవ్వవలసిన పని లేదు. బ్యాచ్‌లో ఎంతమంది అన్నది ఫోన్‌లో నోటిమాటగా కాకుండా మెయిల్‌లో అడగండి. సూటిగా జవాబు రాకపోతే జవాబు తెలిసినట్టే.

మన ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. కార్పొరేట్ కళాశాలలో పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చున్న పిల్లవాణ్ని, బస్సు దిగీ దిగగానే మళ్లీ మూడు గంటలు తెర ముందు కూర్చోబెడుతున్నాం. అతను ఉన్నాడు గానీ వినడం లేదు. వారానికి రెండు రోజులు, రోజుకు గంటంబావు మించి లైవ్ పెట్టుకోవద్దని ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకు చెబుతాను. ఎక్కువ గంటలు చూపించి ఎక్కువ ధర చెప్పేవారికి ఈ మాట నచ్చదు.

డేటా లెక్క కూడా వేసుకోండి. మామూలు స్పష్టతలో గంట వీడియోకు అర జీబీ, మంచి స్పష్టతలో ఒక జీబీకి పైగా ఖర్చవుతుంది. రోజుకు జీబీన్నర ప్యాక్ మీద బతికే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే లైవ్ తరగతి రెండో గంటలోనే ఆగిపోతుంది. వానాకాలంలో కరెంటు సంగతి మనకు తెలియనిది కాదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను తర్వాత మా వీధికి వెలుగు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో గుర్తున్నవారికి, తప్పిపోయిన తరగతి రికార్డింగు దొరుకుతుందా అని అడగమని వేరే చెప్పనక్కరలేదు.

డిగ్రీ, ఇంజినీరింగ్ పిల్లలకు: ముందు ఉచితమైనవి చూడండి

డబ్బు పెట్టే ముందు ఎన్‌పీటీఈఎల్ పేరు వినండి. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన పాఠాల పథకం ఇది. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన స్వయం వేదిక మీద ఇవే కోర్సులు నడుస్తున్నాయి. పాఠాలు చూడటానికి రూపాయి అక్కరలేదు. పరీక్ష రాయదలిస్తేనే రుసుము, కొన్నేళ్లుగా అది కోర్సుకు వెయ్యి రూపాయలు ఉంటోంది.

నాకు నచ్చింది ఉచితం కావడం కంటే దాని కట్టడి. కోర్సు నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలు సాగుతుంది. వారం వారం అసైన్‌మెంట్, దానికి గడువు. గడువు దాటితే ఆ వారం మార్కులు పోయినట్టే. చివరి పరీక్ష ఇంట్లో కూర్చుని రాసేది కాదు, విశాఖ వంటి నగరాల్లోని కేంద్రానికి వెళ్లి గుర్తింపు కార్డు చూపించి రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. ధ్రువపత్రం కావాలంటే రెండింటిలోనూ విడివిడిగా కనీస మార్కులు రావాలి. అంటే 'మానేస్తే ఎవరికి తెలుస్తుంది' అన్న ప్రశ్నకు ఇక్కడ మనిషి కాకపోయినా క్యాలెండర్ జవాబు చెబుతుంది. పంతొమ్మిదేళ్ల వయసుకు అది చాలామందికి సరిపోతుంది. పదహారేళ్ల వయసుకు సరిపోదు.

2021 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం, ఒక సెమిస్టర్ కోర్సుల్లో నూటికి 40 వంతుల దాకా క్రెడిట్లను స్వయం నుంచి తెచ్చుకునేందుకు విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. అనుమతించవచ్చు అన్న మాట గమనించండి. మీ కళాశాల ఏ కోర్సుకు క్రెడిట్ ఇస్తుందో చేరకముందే పరీక్షల విభాగంలో కనుక్కోండి. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. కొన్నింటికి తెలుగు అనువాదాలు ఉన్నాయి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ముందు వాటిని వెతకడం మంచిది. బడి పిల్లలకైతే దీక్ష వేదిక, పీఎం ఈ-విద్య టీవీ చానళ్లు ఉన్నాయి. టీవీకి డేటా ఖర్చు లేదు.

సగం తెర, సగం మనిషి

ఇక నేను ఎక్కువగా సిఫారసు చేసేది ఇది. 2009లో అమెరికా విద్యాశాఖ అప్పటికి జరిగిన అధ్యయనాల్లో గట్టివాటిని కూర్చి చూసినప్పుడు, పూర్తిగా ఆన్‌లైన్‌లో చదివినవారికీ గదిలో చదివినవారికీ పెద్ద తేడా కనిపించలేదు. రెండూ కలిపి చదివినవారే స్పష్టంగా ముందున్నారు. అయితే కలిపి చదివినవారు చదువుకు వెచ్చించిన సమయం కూడా ఎక్కువని ఆ నివేదికే చెప్పింది. కాబట్టి ఆ ఘనతనంతా పద్ధతికే కట్టబెట్టడం సరికాదు.

మనకు దగ్గరి ఉదాహరణ ఢిల్లీది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గానిమియన్ అనే ఆర్థికవేత్తలు మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచిన కేంద్రాలను పరీక్షించి, ఫలితాలను 2019లో ప్రచురించారు. పిల్లలు బడి అయ్యాక కేంద్రానికి వస్తారు. ముప్పావు గంట కంప్యూటర్ ముందు, ఇంకో ముప్పావు గంట పన్నెండు పదిహేను మంది కూర్చున్న గుంపులో ఒక సహాయకుడి దగ్గర. వారానికి ఆరు రోజులు. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారు, తొమ్మిదికి వచ్చేసరికి ఆ వెనకబాటు నాలుగున్నర తరగతులైంది. కంప్యూటర్ ప్రతి పిల్లవాణ్నీ అతను ఎక్కడ ఆగిపోయాడో అక్కడి నుంచే మొదలుపెట్టించింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో వచ్చిన మెరుగు ఎంతంటే, వందమందిలో యాభై మందిని దాటగల పిల్లవాడు అరవై నాలుగు మందిని దాటేంత. పిల్లవాడి మెట్టు తెలుసుకుని అక్కడి నుంచి లెక్కలు ఇవ్వడం సాఫ్ట్‌వేర్‌కు చేతనైన పని. అరవై మంది తరగతిలో అది నాకు చేతకాలేదు, ఒప్పుకుంటాను. పిల్లవాడు రోజూ వచ్చి కూర్చునేలా చూడటం మనిషికి చేతనైన పని.

దీన్ని విశాఖలో ఎలా కుదుర్చుకోవాలి? ఖరీదైన హైబ్రిడ్ ప్యాకేజీ అక్కరలేదు. చవకైన రికార్డెడ్ పాఠాలు తీసుకోండి. మీ పేటలోనే వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు చూసే ఒక టీచరునో, పీజీ చదివే కుర్రవాణ్నో పెట్టుకోండి. మధురవాడ నుంచో గాజువాక నుంచో ద్వారకానగర్ కోచింగ్‌కు రోజూ వెళ్లి వస్తే బస్సులోనే రెండు గంటలు పోతాయి, ఆ సమయం మిగులుతుంది. పెద్ద పరీక్షలకు చదివేవాళ్లకు ద్వారకానగర్ స్టడీ హాళ్లు, పౌర గ్రంథాలయం ఉన్నాయి. అక్కడ పాఠం చెప్పేవారు ఉండరు. పక్క కుర్చీ ఖాళీగా ఉంటే 'వాడు నిన్నటి నుంచి రావడం లేదే' అనుకునే స్నేహితులు ఉంటారు. నేనైతే దానికి సగం మార్కులు ఇస్తాను.

హైబ్రిడ్ అనే బోర్డు చూసి మోసపోవద్దు. కొన్నిచోట్ల గదిలో పెద్ద తెర పెట్టి, ఎక్కడో వేరే ఊళ్లో చెబుతున్న పాఠం చూపించి, హాజరు తీసుకునే ఉద్యోగిని ఫ్యాకల్టీ అంటున్నారు. డెమో రోజున ఆ గదిలో ఉన్నవారిని ఒక లెక్క అడగండి. చేయగలిగితే హైబ్రిడ్, చేయలేకపోతే సినిమా హాలు.

పాడేరు, అరకు వైపు బంధువుల పిల్లలున్నవారు అడుగుతుంటారు, అక్కడ వీడియో ఆడదు కదా అని. బోట్స్వానా దేశంలో కరోనా కాలంలో జరిగిన ప్రయోగం వాళ్లకు చెబుతాను. వేల కుటుంబాల్లో కొందరికి వారం వారం లెక్కలను సంక్షిప్త సందేశంగా పంపారు. కొందరికి సందేశంతో పాటు టీచరు ఇరవై నిమిషాలు మామూలు ఫోన్ చేసి ఆ లెక్క చేయించారు. సందేశం ఒక్కటే అందుకున్నవారిలో చెప్పుకోదగ్గ మార్పు లేదు, ఫోన్ కూడా అందుకున్నవారు మెరుగయ్యారు. దీనికి స్మార్ట్‌ఫోన్ కూడా అక్కరలేదు. ఊళ్లో ఉన్న మేనమామ ఆదివారం ఆదివారం చేసినా పని జరుగుతుంది.

ఆన్‌లైన్ డిగ్రీలు

ఈ ఊరికి దూరవిద్య కొత్తది కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే పోస్టులో పాఠాలు పంపడం మొదలుపెట్టింది. ఉద్యోగం చేసుకుంటూ ఆ కట్టలు చదివి డిగ్రీ తెచ్చుకున్నవారు మా తరంలో ఇంటికొకరు ఉంటారు. గుర్తింపు పొందిన దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. చేరేముందు ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకు, ఆ విద్యాసంవత్సరానికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) వెబ్‌సైట్‌లో చూడండి, మూడూ చూడండి. డెబ్ ఐడీ అనే గుర్తింపు సంఖ్యను విద్యార్థి స్వయంగా తీసుకోవాలి. ఇంజినీరింగ్, వైద్యం, న్యాయశాస్త్రం, ఫార్మసీ వంటి డిగ్రీలు ఇంట్లో కూర్చుని ఇప్పిస్తామని ఎవరైనా చెబితే అక్కడితో మాట ఆపేయవచ్చు.

ఉద్యోగంలో ఉన్నవారికి ఇది మంచి దారి. ఇంటర్ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి మాత్రం వద్దంటాను. అమెరికాలో ఒక పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయం ఒకే కోర్సును అదే సిలబస్‌తో గదిలోనూ ఆన్‌లైన్‌లోనూ నడిపింది. 2017లో వెలువడిన పరిశోధన ప్రకారం, ఆన్‌లైన్‌లో చదివినవారి గ్రేడు నాలుగు పాయింట్ల కొలతలో సగటున 0.44 తగ్గింది. నష్టపోయిన వారిలో ముందు నుంచీ వెనకబడినవారే ఎక్కువ. మనం చేసేది దీనికి తలకిందులు. చురుకైన పిల్లను కోచింగ్‌లో చేర్చి, వెనకబడినవాడికి ఆన్‌లైన్ కోర్సు కొంటాం.

ఏఐ మాస్టారు

ఈ ఏడాది అందరూ అడుగుతున్నారు కాబట్టి రెండు మాటలు. టర్కీలో దాదాపు వెయ్యిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులతో లెక్కల్లో ప్రయోగం చేశారు. అడిగితే జవాబు చెప్పేసే చాట్‌బాట్ ఉన్నవారు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు, అది తీసేసి పరీక్ష పెడితే అసలు వాడనివారికంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచన మాత్రమే ఇచ్చేలా అమర్చినదాన్ని వాడినవారికి ఆ నష్టం దాదాపు కలగలేదు. 'జవాబు చెప్పకు, నేను ఎక్కడ తప్పానో మాత్రం చెప్పు' అని పిల్లవాడు అడగగలిగితే వాడనివ్వండి.

డెమో చూసి కొనేటప్పుడు

డెమో తరగతి నూటికి నూరుపాళ్లు బాగుంటుంది. బాగా చెప్పేవారినే డెమోకు పెడతారు. అక్కడే మనం పొరబడతాం. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో, సాఫీగా సాగిన ఉపన్యాసం విన్న విద్యార్థులు తామే ఎక్కువ నేర్చుకున్నామని చెప్పారు. తంటాలు పడుతూ తామే లెక్కలు చేసినవారు తక్కువ నేర్చుకున్నామని చెప్పారు. పరీక్ష పెడితే రెండోవారికే ఎక్కువ మార్కులు వచ్చాయి. అందుకని డెమోకు బదులు దిద్దిన జవాబు పత్రం ఒకటి చూపించమని అడగండి. పక్కన ఎర్ర సిరాతో ఏం రాశారో చూస్తే ఆ సంస్థ సంగతి తెలిసిపోతుంది. సందేహం పంపితే ఎన్ని గంటల్లో జవాబు వస్తుందో, ఎవరిస్తారో అడగండి. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద తీసుకోండి. నెలనెలా కట్టేది ఫీజు వాయిదానా, ఫైనాన్స్ సంస్థ అప్పా అన్నది సంతకం పెట్టే ముందు చదవండి. మా బావగారు చదవలేదు.

గాజువాక ఆయన ఆ రోజు ఏమీ కొనకుండానే వెళ్లారు. తర్వాత ఆరునెలల రికార్డెడ్ కోర్సు, అన్నిటికంటే చవకైనది, తీసుకున్నారు. వాళ్ల వీధిలోనే ఉన్న ఒక రిటైర్డ్ టీచరమ్మ మంగళ, శుక్రవారాలు అమ్మాయిని కూర్చోబెట్టుకుంటున్నారు. మిగతా రోజుల్లో రాత్రి తొమ్మిదికి అమ్మాయి ఆ రోజు చేసిన ఒక లెక్కను తండ్రికి వివరించాలి. ఆయన చదువు పదో తరగతితో ఆగింది, కలన గణితం తెలియదు. "ఇక్కడెందుకు మైనస్ అయింది?" అని మాత్రం అడుగుతారట. బీ షిఫ్టు ఉన్న వారంలో ఆయన ఇల్లు చేరేసరికి పదిన్నర దాటుతుంది కాబట్టి, అమ్మాయి లెక్క చేసిన కాగితాన్ని ఫొటో తీసి పంపుతుంది. మొన్న ఒకరోజు పంపలేదు. క్యాంటీన్ నుంచే ఇంటికి ఫోన్ చేశారట.